కరిగిన రోడ్డు, ఆగిన ఐసుబండి

"తొయ్యండి, ఆపకండి. ఆగామంటే చక్రం మళ్ళీ కదలదు" అంది మిడత.

మిట్టమధ్యాహ్నం. ముగ్గురు పిల్లలు ఒంటిచక్రం తోపుడుబండిని బడి గేటులోంచి లోపలికి తోస్తున్నారు. బండి నిండా ముతక ఇసుక. చక్రానికి నూనె వేసి ఎన్నేళ్ళయిందో ఏమో, అది పెట్టే కేకకి గేటు మీద కునుకు తీస్తున్న కాకి "సరే సరే, నేనే పోతాను" అన్నట్టు లేచిపోయింది.

ఆ ఏటి ఎండలు అలాంటిలాంటి ఎండలు కావు. వీధి కుళాయి తిప్పితే నీళ్ళకి బదులు ఆవిరి వచ్చిందనీ, దాంతోనే చొక్కా ఇస్త్రీ చేసుకుని పనికి వెళ్ళాననీ మిడత వాళ్ళ బాబాయి చెప్పేవాడు. ఓ రోజు తన నీడ తన వెనకాల రానని మొండికేసి, గోడవారన కూర్చుండిపోయిందని కూడా చెప్పాడు. నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు మాత్రం ఆ ఎండలో బయటికి వెళ్ళి నిజమో కాదో చూసి రావడానికి ఒప్పుకోలేదు.

అంత ఎండలో కూడా ఒక్కచోట నిలవని పిల్ల ఊరు మొత్తానికి ఒక్కతే. అదే మిడత. హాజరు పట్టీలో దానికి వేరే పేరుంది. ఆ పేరుతో పిలిచేది హెడ్‌మాస్టరు గారొక్కరే. పిలిచినప్పుడల్లా "ఎవరబ్బా ఆ అమ్మాయి?" అని అది కూడా వెనక్కి తిరిగి చూసేది. అన్నం తింటూ ఒక కాలు, పాఠం వింటూ రెండో కాలు ఆడిస్తూనే ఉండేది. గేటు తెరిచే ఓపిక లేక గోడ దూకేది. ఆ కాళ్ళని చూసే పీటీ సార్ దాన్ని లాంగ్‌జంపులో పెట్టారు.

శనివారం పొద్దున్న పెద్ద బడి నుంచి టీచర్లు వస్తున్నారు. లాంగ్‌జంపు చూసి, బాగా దూకినవాళ్ళని పోటీలకి ఎంచుకుంటారు. కానీ బడిలో దూకే గుంట ఎండకి ఇటుకలా గట్టిపడిపోయింది. దాని మీద దూకితే కాళ్ళు మిగలవు.

అందుకని గురువారం పొద్దున్న పీటీ సార్ ఒక గునపం, ఒక పార ఇచ్చి, "సాయంత్రాలు కాస్త కాస్త నీళ్ళు పోసి తవ్వండి. గడ్డలు చేత్తో చిదపండి. మెల్లిగా చేస్తే శనివారానికి మెత్తబడుతుంది" అన్నారు.

ఆ 'మెల్లిగా' దగ్గరే వచ్చింది చిక్కు.

మిడత గునపంతో ఒక్క పోటు పొడిచింది. ఠంగుమంది. ఇంకో పోటు పొడిచింది. చేతులు జివ్వుమన్నాయి. గునపం అక్కడే పడేసింది.

"దీన్ని తవ్వేలోపు నేను ముసలిదాన్నైపోతాను. అప్పుడు కర్ర పట్టుకుని దూకాలి" అంది.

"మరేం చేద్దామంటావ్?" అన్నాడు బస్తా. వాడేమీ లావుపాటి వాడు కాదు. వాడి సంచే బస్తా. చెట్టు బెరడు దగ్గర్నుంచి పాడైపోయిన గడియారం దాకా అందులో అన్నీ ఉండేవి, పుస్తకాలు తప్ప.

"ఎత్తు మీద ఇసుక కుప్ప ఉందిగా. తెచ్చి గుంటలో పోస్తే సరి."

బడికీ కింది బజారుకీ మధ్య రోడ్డు ఏటవాలుగా ఎక్కుతుంది. దాన్ని అందరూ 'ఎత్తు' అనేవారు. దాని సగంలో, సైకిలు షాపు పక్కన, గోడకి ఆనుకుని ఇసుక కుప్ప ఒకటి చాలా రోజులుగా పడి ఉంది.

"అది ఎవరిదో కదే" అన్నాడు సోడాబుడ్డి. వాడికి దళసరి కళ్ళద్దాలు, వాటికి తగ్గట్టు దళసరి అనుమానాలు.

"ఎవరిదైనా అయితే ఇంట్లో పెట్టుకుంటారు గానీ రోడ్డు పక్కన పారేసుకుంటారా?"

"దాని మీద తెల్ల గీత ఉంది. ఎవరో సున్నంతో గీశారు. తీస్తే తెలియాలనే గీసుంటారు."

"అది పిట్ట రెట్ట."

"అంత పొడుగ్గా రెట్ట వేసే పిట్ట ఏదే?"

"ఎగురుతూ వేసుంటుంది."

బస్తా పడీపడీ నవ్వాడు. సోడాబుడ్డికి కూడా నవ్వొచ్చింది. నవ్వాక ఇంక వాదించడానికి ఏం మిగులుతుంది? మధ్యాహ్నం బడి వదలగానే తోటపని తోపుడుబండి తీశారు. ఎండకి జనమంతా తలుపులు వేసుకుని పడుకున్నారు. సైకిలు షాపు మామయ్య కూడా షట్టరు దించేసుకున్నాడు. అడిగేవాడు లేడు. కుప్ప అడుగంటేదాకా ఇసుక మోశారు.

శుక్రవారం పొద్దున్న పీటీ సార్ గుంట చూసి నోరు తెరిచారు. గుంట నిండా ఇసుక. కాలు పెడితే పాదం మునుగుతోంది.

"హెడ్‌మాస్టరు గారు తెప్పించారా ఏంటి? నేనడిగి అడిగి విసిగిపోయాను. మొత్తానికి కరుణించారన్నమాట" అన్నారు.

సోడాబుడ్డి మిడత వైపు చూశాడు. మిడత గుంట వైపు చూసింది.

"ఒకసారి దూకి చూడనా సార్?" అంది.

అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. పరిగెత్తుకొచ్చి దూకింది. ఇసుక మెత్తగా పట్టుకుంది. పీటీ సార్ టేపు తెచ్చి కొలిచారు. మళ్ళీ కొలిచారు. "రేపు ఇలాగే దూకితే చాలు" అన్నారు.

ఆ రోజు పాఠాలు వినే తీరిక మిడత చెవులకి లేదు. రేపెప్పుడొస్తుందా అని బెంచీ కింద కాళ్ళు రెండూ పోటీపడి ఆడుతూనే ఉన్నాయి.

*

మధ్యాహ్నం బడి వదిలాక ముగ్గురూ ఎత్తు దిగుతున్నారు. సగం దిగేసరికి సోడాబుడ్డి ఆగిపోయాడు.

"రోడ్డు చూడండి" అన్నాడు.

రోడ్డు మెరుస్తోంది. ఎవరో నీళ్ళు చల్లినట్టుంది. కానీ అవి నీళ్ళు కావు. ఎండకి లోపలి తారు కరిగి, పైకి ఉబికి, నల్లగా జిగటగా పరుచుకుంది. లారీ పోయిన దారిలో చక్రాల అచ్చులు దిగబడి ఉన్నాయి. నడిరోడ్డు మీద ఎవరిదో చెప్పు ఒకటి అతుక్కుపోయి, వదిలేసి పోయిన కాలి కోసం ఎదురుచూస్తోంది.

ఆ చెప్పుకి కాస్త కింద మూడు చక్రాల బండి ఆగి ఉంది. బండి మీద గోనెసంచులు, వాటి కింద రంపపు పొట్టు, దాని కింద ఐసు దిమ్మలు. బండిని నడుం వంచి తోస్తున్నది మిడత వాళ్ళ బాబాయే.

"బాబాయ్" అంటూ అది పరిగెత్తింది.

"రోడ్డు మీదికి రాకే. ఇది ఆకలి మీదుంది. ముందు నా చెప్పులు రుచి చూసింది. ఇప్పుడు చక్రాలు నములుతోంది" అన్నాడు బాబాయి.

మాట నవ్వులాటే గానీ ముఖంలో నవ్వు లేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ముందు చక్రం తారులో దిగబడింది. ముందుకి తోస్తే కదలదు. గట్టిగా తోస్తే వెనక చక్రాలు జారుతున్నాయి. కాలు ఆనించుదామంటే కాలూ జారుతోంది. వాలు మీద బండి పట్టు తప్పితే కింది బజారు దాకా ఆగదు. అందుకే ఒక చక్రం కింద ఇటుక పెట్టి, భుజంతో ఆపి పట్టుకున్నాడు.

మిడత వినకుండా రోడ్డు మీదికి గెంతింది. రెండు చెప్పులూ అతుక్కుపోయాయి. చెప్పుల్లోంచి బయటికొచ్చిన పాదాలు తారు మీద పడ్డాయి. కాలుకాలిన పిల్లి ఎలా ఉంటుందో ఆ రోజు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క గెంతులో గోడవారకి వచ్చి పడింది.

"చెప్పానా" అన్నాడు బాబాయి. "నువ్వక్కడే ఉండు. ఈ ఐసు పాల డిపోకి చేరాలి. పొద్దున్నుంచీ అక్కడ కరెంటు లేదు. డబ్బాలనిండా పాలు. ఇంకాస్త ఆలస్యమైతే అన్నీ విరిగిపోతాయి. సాయంత్రం ఈ వీధుల్లో పసిపిల్లలకి పట్టడానికి చుక్క ఉండదు."

మిడత బండి కిందికి చూసింది. ఐసు చుక్కలు చుక్కలుగా కారడం లేదు. ధారగా కారుతోంది. ఆ నీళ్ళు తారు మీద పడి వాలులోకి మెలికలు తిరుగుతూ పోతున్నాయి.

బస్తా తన సంచిలో వెతికాడు. ఒక అట్ట తీసి చక్రం కింద తోశాడు. తారు దాన్ని ఇట్టే మింగేసింది.

అప్పుడే కింది నుంచి మేస్త్రమ్మ వచ్చింది. ఆవిడ రోడ్డు పనివాళ్ళకి పెద్ద. నెత్తిన వెడల్పాటి టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పార. వెనకాల ఇద్దరు పనివాళ్ళు చీపుర్లు పట్టుకుని ఉన్నారు.

"ఇంకొంచెంసేపు ఓపిక పట్టు తమ్ముడూ. ఇసుక చల్లామంటే తారు అణుగుతుంది. చక్రానికి పట్టు దొరుకుతుంది. ఏటా ఈ ఎత్తు ఇలాగే కరుగుతుందని ముందే కుప్ప పోయించి ఉంచా" అంది.

అంటూ గోడ వైపు తిరిగింది. అక్కడ కుప్ప లేదు. గోడవారన పిల్లి పడుకోవడానికి చాలేంత ఇసుక, దాని మీద తెల్ల గీత ముక్క ఒకటి, అంతే.

మేస్త్రమ్మ పార నేలకి ఆనించి నిలబడింది. పనివాళ్ళూ నిలబడ్డారు. ఐసు మాత్రం నిలబడలేదు.

"మా గోడౌను నుంచి తెప్పించాలంటే పొద్దు వాలుతుంది" అంది మేస్త్రమ్మ. అని చుట్టూ చూసింది. ఆ చూపు వెళ్ళి సైకిలు షాపు మీద పడింది. షాపు ముందు కొత్త అరుగు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏమయ్యా, అరుగు బాగా కట్టావే. ఇసుక ఎక్కడిది?"

సైకిలు షాపు మామయ్య చేతిలో టైరుతో బయటికొచ్చాడు. "ఎక్కడిదేంటి? కొన్నాను."

"కొన్నావా? నా కుప్ప నీ గుమ్మానికి బారెడు దూరంలో ఉంది. నువ్వేమో ఊరవతలికి వెళ్ళి కొన్నావా?"

"అంటే? నేను దొంగతనం చేశానంటావా?"

"నేననలేదు. నీ అరుగే అంటోంది."

"చూడమ్మా, మా నాన్న కాలం నుంచీ ఇక్కడే షాపు. ఒకరి నట్టు నేను ఉంచుకోలేదు, ఒకరి బోల్టు నేను దాచుకోలేదు. నడిరోడ్డు మీద ఇలా అడిగితే నా పరువేం కావాలి?"

కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎండకి బయటికి రానివాళ్ళు గొడవకి మాత్రం తలలు బయట పెట్టారు. "నిన్న అరుగు కడుతుంటే చూశాను" అన్నదొక తల. "అవునవును, ఇసుక బాగానే పోశాడు" అన్నది ఇంకో తల. మామయ్య ముఖం ఎర్రగా కందిపోయింది.

సోడాబుడ్డి మిడత వైపు చూడనే లేదు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ ఉన్నాడు. తుడిచిందే మళ్ళీ తుడుస్తున్నాడు.

మిడత మాట్లాడకపోతే చాలు. ఎవరికీ తెలియదు. గుంట గుంటలాగే ఉంటుంది. రేపు పొద్దున్న పరిగెత్తుకొచ్చి, దూకే చోట పలక మీద కాలు వేసి, గాల్లోకి లేచి... పీటీ సార్ టేపు పట్టుకుని నిలబడి ఉంటారు. మాట్లాడితే మాత్రం అదంతా ఇప్పుడే, ఇక్కడే పోతుంది.

చిత్రం ఏంటంటే, అప్పుడది తారు మీద లేదు. గోడవారన గట్టి నేల మీదే ఉంది. అయినా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాని కాళ్ళు కదలనన్నాయి.

బండి మీంచి గోనెసంచి జారి పడింది. కింద పొద్దున్న పెట్టెలంత ఉన్న దిమ్మలు, అంచులు కరిగి దిండ్లలా అయిపోయి ఉన్నాయి.

"మామయ్య తీయలేదు" అంది మిడత.

మేస్త్రమ్మకి వినబడలేదు. అది ముందుకొచ్చి మళ్ళీ చెప్పింది.

"మామయ్య తీయలేదు మేస్త్రమ్మా. నేను తీశాను. వీళ్ళు వద్దంటే కూడా నేనే తీశాను. ఇసుక మా బళ్ళో ఉంది."

"నేను వద్దనలేదు" అన్నాడు బస్తా నెమ్మదిగా. "నేను నవ్వాను."

మేస్త్రమ్మ టోపీ వెనక్కి తోసి దాన్ని ఎగాదిగా చూసింది. "అంత ఇసుక నువ్వేం చేసుకున్నావే? తిన్నావా?"

"దూకడానికి పోసుకున్నాం."

మేస్త్రమ్మ ఏదో అనబోయింది. అంతలో బండి కింద ఇటుక కిర్రుమంది. బాబాయి పళ్ళు బిగబట్టి, "తిట్లు తర్వాత తిడుదువు గాని అక్కా. ముందు ఇసుక" అన్నాడు.

ఆ మాటతో మిడత కాళ్ళకి మళ్ళీ ప్రాణం వచ్చింది. ఎత్తు మీదికి పరిగెత్తింది. బస్తా, సోడాబుడ్డి దాని వెనకే పరిగెత్తారు.

*

బళ్ళో పీటీ సార్ గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సున్నంతో గీత గీస్తున్నారు. పెద్ద బడి టీచర్లు వస్తున్నారని గీత తిన్నగా రావాలని ఆయన పట్టుదల.

"సార్, ఈ ఇసుక హెడ్‌మాస్టరు గారిది కాదు" అంది మిడత రొప్పుతూ. "రోడ్డుది. నేను తెచ్చాను. మీరడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు తీసుకెళ్ళిపోవాలి."

పీటీ సార్ గీత మధ్యలో ఆగిపోయింది.

"రేపు పొద్దున్నే వాళ్ళొస్తున్నారు. గుంట లేకపోతే దూకడమూ లేదు. తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసే తీస్తానంటున్నావా?"

"ఐసు కరిగిపోతోంది సార్."

పీటీ సార్‌కి ఏ ఐసో అర్థం కాలేదు. కానీ దాని కాళ్ళు చూశారు. చెప్పుల్లేవు. పాదాలకి నల్లటి తారు. సున్నం డబ్బా పక్కన పెట్టి, లేచి, పార అందుకున్నారు.

"బండి పట్టుకోండి" అన్నారు.

తోపుడుబండి మళ్ళీ కేకలు పెడుతూ బయల్దేరింది. పోయేటప్పుడు ఇసుక బరువుకి ఎత్తు మీంచి ముందుకు ఉరుకుతుంటే, బస్తా తన సంచిని చక్రానికి అడ్డం వేస్తూ ఆపాడు. వచ్చేటప్పుడు ఖాళీ బండిని ముగ్గురూ పరిగెత్తిస్తూ తెచ్చారు. పీటీ సార్ గుంట తోడుతూనే ఉన్నారు.

మొదటి బండి ఇసుకని మిడత బాబాయి చక్రం ముందు ఒక్క ఊపున కుమ్మరించింది. చక్రం ఆ గుట్టకి తగిలి ఇంకా బిగుసుకుంది.

"అలా కాదే" అంది మేస్త్రమ్మ. "పార నిండా తియ్యి. తీశావా? ఇప్పుడు నడుం తిప్పు. చివర్న మణికట్టు విసురు. చూడు, గింజలు చల్లినట్టు పడాలి. పలచగా. తారు తాగేదాకా చూసి మళ్ళీ చల్లాలి. ఒక్కసారే పోస్తే పైది పైనే ఉంటుంది, కింది జిగట కిందే ఉంటుంది."

మిడత విసిరింది. గుప్పెడు ఇసుక బాబాయి నెత్తిన పడింది.

"నేను కరగలేదే, రోడ్డు మీద చల్లు" అన్నాడు బాబాయి.

మళ్ళీ విసిరింది. సగం రోడ్డు మీద, సగం గాల్లో. మూడో పారకి ఇసుక విసనకర్రలా విచ్చుకుని నల్లటి తారు మీద పలచగా పరుచుకుంది. తారు దాన్ని తాగి బూడిదరంగుకి తిరిగింది. దాని మీద మళ్ళీ చల్లింది. చేతులు తొందరపడుతున్నాయి, మేస్త్రమ్మ "ఊఁ, చూసి, చూసి" అంటూనే ఉంది.

కాసేపటికి బాబాయి కాలు ఆనించి చూశాడు. జారలేదు. పనివాళ్ళు ఇద్దరూ వెనక భుజాలు పెట్టారు. సైకిలు షాపు మామయ్య కూడా టైరు పక్కన పెట్టి, కోపం ముఖం మీద అలాగే ఉంచుకుని, వచ్చి ఓ చెయ్యి వేశాడు. చక్రం 'చప్' మంటూ తారులోంచి ఊడింది. బండి ఎత్తు ఎక్కింది.

బాబాయి వెనక్కి తిరిగి, "ఐసు తెస్తానని చెప్పి సగం నీళ్ళు తెచ్చావేంటని డిపో అత్త అడుగుతుంది. ఏం చెప్పమంటావ్?" అన్నాడు.

మిడత తలొంచుకుంది. "నేను తీశానని చెప్పు బాబాయ్."

"నువ్వే వచ్చి చెప్పు" అన్నాడు బాబాయి. కసిరినట్టు కాదు, పనికి తోడు పిలిచినట్టు.

మిడత వెళ్ళే ముందు షాపు అరుగు దగ్గర ఆగింది. అరుగు మీద కాలు పెట్టబోయి, పచ్చిగా ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"మామయ్యా, నా వల్ల నిన్ను..."

"ఊఁ" అన్నాడు మామయ్య టైరు తిప్పుతూ. "మా నాన్న కూడా నన్ను దొంగ అనేదాకా ఎప్పుడూ పోలేదు. గాడిదా అనేవాడు, అంతే." కాసేపు టైరు తిప్పి, "ఆ కిటికీల వాళ్ళందరికీ వినబడేలా చెప్పావు చూడు, అది బాగుంది. ఇంక పో. ఆ కాళ్ళకి నూనె రాసుకో, నీళ్ళతో పోదది" అన్నాడు.

డిపోకి ఐసు చేరేసరికి రెండు డబ్బాల పాలు విరిగిపోయాయి. మిగతావి దక్కాయి. డిపో అత్త మిడత చెప్పిందంతా విని, విరిగిన డబ్బాలు కడగమని పీచు చేతికిచ్చింది. మిడత కడిగింది.

ఇంటికొచ్చాక అమ్మ దాని పాదాలు ఒళ్ళో పెట్టుకుని, నూనె రాసి, గుడ్డతో తారు తుడిచింది. జరిగిందంతా వింది.

"మంటగా ఉందా?" అంది.

"కాళ్ళా?"

"ఏదైనా."

"ఉంది" అంది మిడత. అని కాళ్ళు లాక్కుని లేచింది. "ఎండ తగ్గింది. బడికి వెళ్ళొస్తానమ్మా. గుంట తవ్వాలి."

*

ఆ సాయంత్రం పీటీ సార్ గునపంతో పొడిచారు. బస్తా నీళ్ళు పోశాడు. సోడాబుడ్డి గడ్డలు ఏరాడు. మిడత చిదిపింది. చిదిపి చిదిపి అరచేతులు కందిపోయాయి. మాటిమాటికీ లేచి ఎంతయిందో చూసింది. ఎప్పుడు చూసినా కొంచెమే అయింది. చీకటి పడేసరికి గుంటలో ముందు భాగం మెత్తబడింది. ఆ చివర మాత్రం ఇంకా ఇటుకే.

శనివారం పొద్దున్న పెద్ద బడి టీచర్లు వచ్చారు. ఒకాయన చేతిలో టేపు, ఒకావిడ చేతిలో కొలతలు రాసుకునే అట్ట.

పిల్లలు వరసగా నిలబడ్డారు. పీటీ సార్ అలవాటుగా వరస మొదటికి చూశారు. అక్కడ మిడత లేదు. వరస మొత్తం వెతికారు. లేదు.

గుంట చివర్న గొంతుక్కూర్చుని ఉంది. పక్కన గునపం, చెంబుతో నీళ్ళు.

"మిడతా, ముందు నువ్వేగా?"

"వీళ్ళని దూకమనండి సార్. ముందు భాగం మెత్తగానే ఉంది. నేను ఆఖర్న."

ఒక్కొక్కరూ పరిగెత్తుకొచ్చి దూకుతున్నారు. ప్రతిసారీ మిడత చేతులు ఆపి, లేచి, పక్కకి జరిగింది. కొలత అయిపోగానే మళ్ళీ వచ్చి కూర్చుంది. పొడిచింది. నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకేదాకా చూసింది. గడ్డ చేతిలోకి తీసుకుని చిదిపింది. వరసలో ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. బొటనవేలు ఒకటి లోపల్లోపల ఆడుతూనే ఉంది గానీ, దాని మాట మిగతా ఒళ్ళు వినలేదు.

టేపు పట్టుకున్నాయన వంగి చూశారు. "అంత దూరం తవ్వుతున్నావేంటమ్మా? అక్కడిదాకా ఎవరు దూకుతారు?"

"నేను దూకుతాను సార్. నేను కాకపోతే పై ఏడు ఇంకెవరో దూకుతారు."

బస్తా దూకడం కూడా అయిపోయింది. సంచి తీయడం మర్చిపోయి సంచితోనే దూకాడు. వాడికన్నా ముందు గడియారం నేల మీద పడింది. అందరూ నవ్వారు.

"ఇంక నువ్వే, రా" అని పీటీ సార్ విజిల్ నోటి దగ్గర పెట్టుకున్నారు.

మిడత తలెత్తలేదు. గుంట చివర మూలన ఇంకా గట్టిగా ఉన్న చోట చెంబులో మిగిలిన నీళ్ళు పోసింది.

"ఇది నానాలి సార్. కాసేపు ఉండండి" అంది.

పీటీ సార్ విజిల్ దించేశారు. టేపు పట్టుకున్నాయన నీడలోకి జరిగి నిలబడ్డారు. మిడత అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, నీళ్ళు మట్టిలోకి దిగడం చూస్తూ కూర్చుంది.